పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్ పెట్టినా ఎవరూ పలకట్లేదు, ఏదైనా మంచి యాప్ ఉందా?

ప్రశ్న అడిగిన టీచర్ గారి పరిస్థితి క్లుప్తంగా ఇదీ. 2024 డీఎస్సీలో ఎస్‌జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా వచ్చారు, పల్లెటూళ్లో ప్రైమరీ స్కూల్, మొత్తం 41 మంది పిల్లలు. పేరెంట్స్ అందరితో వాట్సాప్ గ్రూప్ పెట్టి రోజూ బోర్డు మీద రాసిన హోంవర్క్ ఫోటో తీసి అందులో వేస్తున్నారు. ఐదారుగురికి మించి చూడట్లేదు, చూసినవాళ్లు కూడా ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుంటున్నారు, మీటింగ్ అంటే పది మంది కూడా రావట్లేదు. తల్లిదండ్రుల్ని పిల్లల చదువులోకి తీసుకురావడానికి ఏ యాప్ బాగుంటుంది అని అడిగారు.

సూటిగా చెప్తా. యాప్ వెతకొద్దు. ఒక్కో ఇంటికి విడిగా ఫోన్ చేయండి, లేదా వాళ్ల పిల్లాడి పేరు పెట్టి నిమిషం లోపు వాయిస్ మెసేజ్ పంపండి. అందులో ఆ రాత్రే ఇంట్లో చేయగలిగే పని ఒక్కటంటే ఒక్కటే చెప్పండి. గ్రూప్ తీసేయనక్కర్లేదు, సెలవు ఎప్పుడు, మీటింగ్ ఎప్పుడు అని చెప్పడానికి పనికొస్తుంది, కానీ దాంతో తల్లిదండ్రులు చదువులోకి వస్తారని మాత్రం అనుకోవద్దు.

నేను జగిత్యాల జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తా, సర్వీసు 23 ఏళ్లు. మా ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకి తెలుసు, సగం ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, తల్లి ఇంటి దగ్గర బీడీలు చుడుతుంది, కొన్ని ఇళ్లలో నాయనమ్మో అమ్మమ్మో తప్ప పెద్ద దిక్కు ఉండదు. వీళ్లకి చదువు మీద శ్రద్ధ లేదని మన స్టాఫ్ రూముల్లో చాలా తేలిగ్గా అనేస్తాం, నేనూ అన్నా కొన్నేళ్లు. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్ అనే ప్రభుత్వ చదువుల ఛానెల్లో క్లాసులు మొదలయ్యాక పిల్లలు చూస్తున్నారో లేదో కనుక్కోవడానికి రోజూ ఇళ్లకి ఫోన్లు చేయాల్సి వచ్చింది చూడండి, అప్పుడు నా అభిప్రాయం మొత్తం మారిపోయింది. ఐదేళ్లలో ఒక్కసారి కూడా బడి గేటు లోపలికి రాని తల్లి ఫోన్లో పది నిమిషాలు మాట్లాడింది, పిల్లాడు ఏ టైమ్‌కి లేస్తాడు, ఏ పాఠం అంటే ఏడుస్తాడు, ఎవరితో తిరుగుతున్నాడు, అన్నీ చెప్పింది. ఆమెకి శ్రద్ధ లేక కాదు, బడికి వస్తే ఆ రోజు బీడీల కూలి పోతుంది, పైగా సంతకం పెట్టమంటే నలుగురిలో వేలిముద్ర వేయాల్సి వస్తుందని సిగ్గు. ఫోన్లో ఆ రెండూ లేవు.

గ్రూప్ ఎందుకు పనిచేయదో ముందు చెప్తా. పేరెంట్స్ అందరూ పిల్లల చదువు గమనించాలి అని మీరు గ్రూప్‌లో పెడితే, చదివిన ప్రతి తల్లీ అది పక్కింటి వాళ్లకి చెప్పారనుకుంటుంది. అదీ చదవగలిగితే. మీరు పెట్టే హోంవర్క్ ఫోటో చూసి అర్థం చేసుకోవాలంటే చదువు రావాలి, చదువు వచ్చిన ఆ ఐదారుగురి పిల్లలు ఎట్లాగూ హోంవర్క్ చేస్తారు, అంటే మీ శ్రమంతా అవసరం లేని ఇళ్లకే చేరుతోంది. ఇంకోటి, గ్రూప్‌లో శుభోదయం బొమ్మలు, పండగ బొమ్మలు, సర్పంచ్ ఎలక్షన్ వస్తే కండువాల ఫోటోలు, ఇవన్నీ వచ్చి పడతాయి. వారం తిరిగేసరికి సగం మంది ఆ గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టేస్తారు. అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ మార్చండి, ఈ రోజే.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి అంటే నంబర్ల దగ్గర. ఇది చాలామంది వదిలేసే పని. అడ్మిషన్ రిజిస్టర్లో ఉన్న నంబర్లన్నింటికీ ఒక సాయంత్రం కూర్చొని కాల్ చేసి చూడండి, మీకే తెలుస్తుంది. నేను మొదటిసారి అట్లా ఆరో తరగతి మొత్తానికి చేస్తే కొన్ని స్విచాఫ్, కొన్ని వేరే జిల్లాలో ఉన్న మేనమామవి, ఒకటి ఆధార్ నమోదు చేసిన ఆయనది, అన్నిటికంటే ముఖ్యమైంది, మూడు నంబర్లు పిల్లలవే. అంటే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద ఫోన్ పిల్లాడి చేతిలో ఉంటుంది, మనం మీ అబ్బాయి రాలేదు అని పంపే మెసేజ్ వాడే చూసి వాడే తీసేస్తాడు. ఒకడైతే గొంతు మార్చి, ఆ సార్, జరమొచ్చింది సార్ అని వాళ్ల నాన్నలాగా నాతోనే మాట్లాడాడు. రోజూ మొహం గుర్తుపట్టే ఎఫ్‌ఆర్‌ఎస్ యాప్‌లో హాజరు వేస్తున్నాం, పై ఆఫీసుకి తెలుస్తోంది, కానీ వాడు రాలేదన్న సంగతి వాళ్లమ్మకి తెలియట్లేదు, చూడండి ఎంత అన్యాయమో.

అందుకని ప్రతి పిల్లాడికి రెండు నంబర్లు తీసుకోండి, ఒకటి తల్లిది, ఇంకోటి ఇంట్లో ఇంకో పెద్దవాళ్లది. ఏ ఫోన్ ఎవరి దగ్గర ఏ టైమ్‌కి ఉంటుందో పక్కన రాసుకోండి. ఇది చిన్న విషయం కాదు. పల్లె పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వేలో 2018లో బడికెళ్లే పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 36.5 శాతమైతే 2021కి 67.6 శాతం అయ్యాయి, కానీ ఫోన్ ఉన్న ఇళ్లలో కూడా 26.1 శాతం పిల్లలకి అది అసలు చేతికి రావట్లేదని అదే సర్వే చెప్పింది. తల్లి సంగతీ అంతే, ఫోన్ పొద్దున తండ్రి జేబులో పొలానికో అడ్డా మీదికో పోతుంది, రాత్రికి గానీ ఇంటికి రాదు. పదకొండింటికి మీరు పంపిన మెసేజ్ ఎవరు చూస్తారు?

నంబర్ల పనికి బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీని వాడుకోండి. 2024లో ఆ కమిటీలు వేసినప్పుడు మహిళా సంఘాల వాళ్లనే ముందు పెట్టారు కదా, ఊళ్లోని మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య అధ్యక్షురాలికి ఊళ్లో ప్రతి ఆడమనిషి నంబరూ తెలుసు, ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారో కూడా తెలుసు. మా ఊళ్లో ఆమె పక్కన కూర్చొని ఒక గంటలో లిస్ట్ మొత్తం సరిచేయించింది, నేను రెండు వారాలు తంటాలు పడ్డ పని.

తర్వాత ఇంకో అడుగు. వాళ్ల ఫోన్లో మీ నంబర్ సేవ్ అయి ఉండాలి. కొత్త నంబర్ నుంచి కాల్ వస్తే మా ఆడవాళ్లు ఎత్తరు, ఫైనాన్స్ వాళ్లనుకుంటారు, లేకపోతే లోన్ కావాలా అని అడిగేవాళ్లు అనుకుంటారు. మీటింగ్‌కి వచ్చినవాళ్ల ఫోన్ అడిగి తీసుకొని మీరే సేవ్ చేయండి, మీ పేరు కాదు, బడి సారు అనో లెక్కల సారు అనో వాళ్లు పిలిచే పేరు పెట్టండి, మీ ఫోటో కూడా పెట్టండి, అక్షరాలు రానివాళ్లు ఫోటో చూసి ఎత్తుతారు. మీటింగ్‌కి రానివాళ్ల ఇంటికి సాయంత్రం ఒక్కసారి నడిచి వెళ్లండి, ఆ ఒక్కసారి తప్పదు. పైగా వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ అని ఉంటుంది, ఒకేసారి 256 మంది దాకా పంపొచ్చు, కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. గ్రూప్ కంటే అది వందరెట్లు నయం, ఎందుకంటే ఎవరికి వాళ్లకి విడిగా మెసేజ్ వచ్చినట్టే కనపడుతుంది, వాళ్లు తిరిగి పెట్టేది మీకొక్కరికే వస్తుంది, ఒకరి నంబర్ ఇంకొకరికి తెలియదు.

ఇక అసలు విషయం, వాయిస్.

మా దగ్గర మధ్యాహ్నం ఏ వాడకట్టులోకి వెళ్లినా అరుగుల మీద నలుగురైదుగురు ఆడవాళ్లు ఒక్కచోట కూర్చొని ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంటారు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, ముడుచుకున్న వేళ్లు సాయంత్రం దాకా ఆగవు. ఆ చేతులకి ఫోన్ పట్టుకొని చదివే తీరిక లేదు. చెవులు మాత్రం ఖాళీగానే ఉంటాయి. పక్కన గోడకి ఆనించిన ఫోన్లో పాటలో సీరియలో నడుస్తుంటుంది, అందులోకి మీ గొంతు వెళ్తే వింటారు. ఒక తల్లి నాతో అన్నది నాకు ఇప్పటికీ గుర్తే, "సారూ, మీరు రాసి పంపితె మా పోరడే సదివి చెప్పాలె, వానికి నచ్చింది చెప్తడు. మీరు మాట్లాడి పంపితె నేనే వింట." ఆ రోజు నుంచి నేను టైప్ చేయడం మానేశా.

నేను పంపేది ఎట్లా ఉంటుందో చెప్తా. ముందు పిల్లాడి పేరు, తర్వాత వాడు ఆ రోజు చేసిన ఒక మంచి పని, తర్వాత ఇంట్లో చేయాల్సింది ఒకటి, అంతే, నలభై సెకన్లు. "అక్కా, లెక్కల సారును మాట్లాడుతున్న. మీ చిన్నోడు ఇయ్యాల భిన్నాల లెక్క బోర్డు మీద వచ్చి చేసిండు, ఒక్కడే చేసిండు. రాత్రి అన్నం తిన్నంక ఏడో ఎక్కం అప్పజెప్పమను, ఆగకుంట చెప్తే నాకు ఒక వాయిస్ పంపు." ఇంతే. ఆమెకి ఎక్కాలు రాకపోయినా ఆగాడా లేదా అన్నది వినపడుతుంది కదా. రాత్రి తొమ్మిదింటికి వాడి గొంతుతో ఏడో ఎక్కం వస్తుంది, వెనకాల కుక్కర్ విజిల్, చెల్లెలి ఏడుపు, మధ్యలో తల్లి "మల్ల చెప్పు" అనడం, అన్నీ వినపడతాయి. పొద్దున క్లాసులో, నిన్న నీ ఎక్కం విన్నరా, అని ఒక్క మాట అంటే వాడి మొహం చూడాలి మీరు.

చదువురాని తల్లి ఏం చేయగలదు అని అడుగుతారు, చాలా చేయగలదు. చదివించమని చెప్పకండి, చదువుతున్నాడో లేదో గమనించడానికి ఆనవాళ్లు చెప్పండి. నోట్‌బుక్‌లో ఈ రోజు పేజీ మీద ఎర్ర పెన్ను టిక్ ఉందా చూడమనండి. బడిలో విన్న కథ వాడి చేత చెప్పించుకోమనండి. చేతిలో ఉన్న పనినే లెక్క చేయమనండి, మా ఇళ్లలో అయితే కట్టకి 25 బీడీలు, వెయ్యి బీడీలకి ఎన్ని కట్టలు, ఇయ్యాల అమ్మ ఎన్ని కట్టలు కట్టింది, వెయ్యికి ఇంత కూలి అయితే ఎంత రావాలె అని పిల్లాడిని అడగమంటా. ఆ లెక్కలో తల్లి గురువు, నేను కాదు, వాడు తప్పు చెప్తే ఆమె వెంటనే పట్టేస్తుంది. మీ ఊళ్లో పత్తి ఏరేవాళ్లుంటే కిలోల లెక్క, పాలు పోసేవాళ్లుంటే లీటర్ల లెక్క. ఇట్లాంటివి వాళ్లకి నేర్పక్కర్లేదు, మీరు అడిగితే చాలు.

ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెప్పి తీరాలి, మీరు చేయకూడదు కాబట్టి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె వరసగా హోంవర్క్ చేయట్లేదని, టెస్టులో ఏమీ రాయలేదని వాళ్లమ్మకి వాయిస్ మెసేజ్ పంపా, కొంచెం గట్టిగానే మాట్లాడా. ఆమె ఎప్పటిలాగే అరుగు మీద అందరి మధ్యలో కూర్చొని ఉంది, మెసేజ్ నొక్కింది, పెద్ద సౌండ్‌తో నా మాటలన్నీ నలుగురూ విన్నారు. ఆ తల్లికి తల కొట్టేసినట్టయింది, అమ్మాయిని కొట్టింది, అమ్మాయి మూడు రోజులు బడికి రాలేదు. నేను ఇంటికి వెళ్లి తల్లి ముందు, ఆ పిల్ల ముందు తప్పు నాదే అని ఒప్పుకున్నా. తర్వాత తెలిసింది ఏంటంటే ఆ నెల తల్లికి ఒంట్లో బాగోక ఆ పిల్లే రాత్రి పదకొండు దాకా బీడీలకి దారం కడుతోంది. అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది, నేను అడగలేదు, చెప్పా.

అప్పట్నుంచి నాకు రెండు గట్టి నియమాలు. వాయిస్ మెసేజ్‌లో మంచి మాట, చేయాల్సిన పని తప్ప ఫిర్యాదు ఉండకూడదు. చెడ్డ విషయం ఉంటే కాల్ చేసి, పక్కన ఎవరన్నా ఉన్నారా అక్కా అని అడిగి, లేదంటేనే మాట్లాడాలి, అదీ చెప్పడం కాదు ముందు అడగాలి. రెండోది, మీ నుంచి మొదటి ఫోన్ మంచి కబురుతోనే ఉండాలి. బడి నుంచి ఫోన్ అంటే ఊళ్లో వాళ్లకి అర్థం ఒక్కటే, మావాడు ఏదో చేశాడు. మొదటిసారి చేస్తే ఎత్తగానే అదే అడుగుతారు, "ఏం జేసిండు సారూ?" అని, గొంతులోనే భయం తెలుస్తుంది. ఏం చేయలేదక్కా, మంచిగ చదివిండు, అది చెప్దామని చేసిన అంటే అవతల కాసేపు మాట రాదు. ఒకాయనైతే, ఇన్నేళ్లల్ల మా పోరని గురించి మంచి మాట చెప్పనీకె ఎవ్వరు ఫోన్ చెయ్యలే సారూ అన్నాడు. ఆ తర్వాత మీరు ఏం చెప్పినా వింటారు, మందలించినా వింటారు. పిల్లల్ని కొట్టే తండ్రులు ఎవరో మీకు తెలుస్తూనే ఉంటుంది, వాళ్లకి ఫోన్లో ఫిర్యాదు అసలే వద్దు, ఫోన్ పెట్టగానే ఆ దెబ్బలు పిల్లాడి మీద పడతాయి, వాటిలో మన వాటా కూడా ఉంటుంది.

ఇదంతా నా ఒక్కడి అనుభవం అనుకునేవాళ్ల కోసం ఒక మాట. ఆఫ్రికాలో బోట్స్‌వానాలో 2020లో బళ్లు మూసినప్పుడు 4,500 పైచిలుకు కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి వారానికోసారి లెక్కలు ఎస్సెమ్మెస్‌లో మాత్రమే పంపారు, ఇంకొందరికి ఎస్సెమ్మెస్‌తో పాటు వారానికోసారి 15 నుంచి 20 నిమిషాలు ఫోన్ చేసి తల్లినో తండ్రినో పిల్లాడితో కలిపి కూర్చోబెట్టి ఆ లెక్క చేయించారు. ఫోన్ చేసిన ఇళ్లలో పిల్లల లెక్కలు బాగుపడ్డాయి, మెసేజ్ మాత్రమే వెళ్లిన ఇళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. తర్వాత అదే పద్ధతిని మన దేశంతో పాటు కెన్యా, నేపాల్, ఫిలిప్పీన్స్, ఉగాండాలో కూడా చేసి చూశారు, అక్కడా ఫోన్ కాల్‌దే పైచేయి, గవర్నమెంటు టీచర్లు చేసిన కాల్స్ కూడా బాగా పనిచేశాయి. అంటే స్మార్ట్‌ఫోన్ లేకపోయినా నష్టం లేదు, మామూలు కీప్యాడ్ ఫోన్‌తోనే అయ్యే పని ఇది.

మెసేజ్‌లు దండగ అని కూడా నేను అనను. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలో 22 స్కూళ్లలో పిల్లాడు క్లాస్ ఎగ్గొడితే, హోంవర్క్ ఇవ్వకపోతే తల్లిదండ్రుల ఫోన్‌కి దానంతటదే మెసేజ్ వెళ్లేలా చేస్తే సబ్జెక్టులు ఫెయిల్ కావడం 28 శాతం తగ్గింది, క్లాసులకి రావడం పెరిగింది. కానీ ఆ రాష్ట్రం పెట్టే పరీక్షల్లో మార్కులు మాత్రం పెరగలేదు. అది నాకు సబబుగానే అనిపిస్తుంది, పిల్లాడు బడికి వచ్చాడా రాలేదా అనే కబురు మెసేజ్‌తో వెళ్తుంది, రానిది నేర్పించడం మెసేజ్‌తో అవ్వదు. మన దగ్గర ఎస్సెమ్మెస్ అంటే ఇంకో ఇబ్బంది, బల్క్‌లో పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూల్ ప్రకారం డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకొని టెంప్లేట్ అప్రూవ్ చేయించుకోవాలి, ఒక చిన్న స్కూల్‌కి అంత తతంగం అవసరం లేదు.

రాని పిల్లల ఇంటికి మాత్రం అదే రోజు పొద్దున కాల్ వెళ్లాలి, ప్రేయర్ అయ్యి హాజరు వేయగానే, మొదటి పీరియడ్ అయ్యేలోపు. సాయంత్రం చేస్తే ఉపయోగం లేదు, ఆ రోజు పోయినట్టే. ఎందుకు రాలేదు అనకండి, ఒంట్లో మంచిగుందా అని అడగండి. అడిగే తీరు మారితే చెప్పే కారణం కూడా నిజం వస్తుంది, పత్తి ఏరడానికి తీసుకెళ్లామనో, చిన్నదాన్ని చూసుకోవడానికి ఆపామనో నోరు విప్పి చెప్తారు, అప్పుడు కనీసం మధ్యాహ్నం నుంచైనా పంపమని అడగొచ్చు.

గల్ఫ్‌లో ఉన్న తండ్రుల గురించి ప్రత్యేకంగా రాస్తున్నా, ఎందుకంటే వాళ్లని అందరూ లెక్కలోంచి తీసేస్తారు. మా దగ్గర పిల్లల చదువు మీద అందరికంటే ఎక్కువ ఆత్రం ఉండేది వాళ్లకే, నాలాగా నా కొడుకు కాకూడదు అన్న మాట ప్రతి ఒక్కరి నోటి నుంచీ విన్నా. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు, కానీ వాయిస్ మెసేజ్ పోతుంది, వస్తుంది. అక్కడి టైమ్ మనకంటే గంటన్నర వెనక, వాళ్లు సైట్ నుంచి క్యాంపుకి వచ్చి స్నానం చేసి వంట మొదలుపెట్టేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిది. ఒక ఏడో తరగతి పిల్లాడి తండ్రికి నేను ఒక్కటే చెప్పా, రోజూ వాడితో తెలుగు వాచకంలో ఒక పేజీ చదివించి వాయిస్ పంపించుకో, విని, బాగ చదివినవనో, గీ ముక్క తెలుస్తలేదు మళ్ల సదువనో తిరిగి పంపు అని. ఆయన చదివింది ఏడు వరకే. "సార్, లెక్కలైతె నాకు రావు గని, వాడు సదువుతుంటె నేను ఇంట్ల ఉన్నట్టే ఉంటది" అన్నాడు. మొదట్లో వాడు కూడబలుక్కుంటూ చదివేవాడు, పేజీకి నాలుగు నిమిషాలు పట్టేది. దసరా సెలవులు అయ్యి వచ్చేసరికి ఆగకుండా చదువుతున్నాడు. నేను చేసింది ఏమీ లేదు, ఆ తండ్రి రోజూ అన్నం వండుకుంటూ వినడమే. ఆ మెసేజ్‌లన్నీ దాచుకున్నాడట ఆయన, ఊరికి వచ్చినప్పుడు మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి నాకు వినిపించాడు.

కీప్యాడ్ ఫోన్ ఉన్న అమ్మమ్మ నాయనమ్మలకి కాల్ ఒక్కటే దారి, కొంచెం ఓపిక పట్టాలి, చెవుడు ఉంటే గట్టిగా మాట్లాడాలి. వాళ్లకి బ్యాలెన్స్ ఉండకపోవచ్చు, అవసరమైతే నాకు మిస్డ్ కాల్ ఇవ్వు అవ్వా, నేనే చేస్తా అని చెప్పి పెట్టండి. చాలామంది ఇస్తారు, నేను ఊహించనంత మంది ఇచ్చారు.

ఇప్పుడు జాగ్రత్తలు. మార్కుల లిస్ట్ గ్రూప్‌లో ఎప్పుడూ పెట్టొద్దు, ఏ ఇంటి సంగతి ఆ ఇంటికే చెప్పాలి. ఆడపిల్లల ఫోటోలు గ్రూప్‌లో వేయడం, స్టేటస్ పెట్టడం మానేయండి, ఆ గ్రూప్‌లో ఎవరి ఫోన్ ఎవరి చేతిలో ఉందో మనకి తెలియదు. మా పక్క మండలంలో ఒక స్కూల్ గ్రూప్‌లోంచి తల్లుల నంబర్లు తీసుకొని ఎవడో రాత్రిళ్లు మెసేజ్‌లు పెట్టాడు, దాంతో సగం మంది ఆడవాళ్లు గ్రూప్ నుంచి బయటికి వెళ్లిపోయారు, వాళ్ల ఇళ్లలో గొడవలు కూడా అయ్యాయి. గ్రూప్ తప్పదు అనుకుంటే వాట్సాప్ కమ్యూనిటీలో అనౌన్స్‌మెంట్ వాడండి, అందులో ఒకరి నంబర్ ఒకరికి కనపడదు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు పిల్లల వివరాల మీద తల్లిదండ్రుల అనుమతి కావాలనే అంటోంది, కాబట్టి ఎవరో వచ్చి మా యాప్ ఫ్రీ సార్, పిల్లల వివరాలన్నీ ఎక్కించండి అంటే తొందరపడి ఇచ్చేయకండి.

మీ టైమ్ గురించి కూడా ఆలోచించుకోండి. సొంత నంబర్ ఇవ్వొద్దు, ముఖ్యంగా మేడమ్‌లు, వేరే సిమ్ తీసుకొని అందులో వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి, ఒక్కో క్లాస్‌కి లేబుల్ పెట్టుకోవచ్చు, రాత్రి తొమ్మిదిన్నర దాటాక రేపు మాట్లాడతా అని దానంతటదే జవాబు వెళ్లేలా సెట్ చేయొచ్చు. రోజుకి ముగ్గురికంటే ఎక్కువ చేయకండి. మీ 41 మందికి రోజుకి ముగ్గురు చొప్పున 14 పని దినాల్లో ఒక రౌండ్ అయిపోతుంది, ఒక్కో కాల్ మూడు నాలుగు నిమిషాలు. ఉత్సాహంగా మొదటి రోజే ఇరవై మందికి చేసి రెండో వారానికి వదిలేసినవాళ్లని చాలామందిని చూశా. వాయిస్ మెసేజ్‌లు కూడా ఒక ఇంటికి వారానికి రెండు చాలు, రోజూ పంపితే అవి కూడా శుభోదయం బొమ్మల్లో కలిసిపోతాయి.

మీటింగ్‌కి రావట్లేదు అన్నారు కదా. మన తెలంగాణలో నెలకోసారి మూడో శనివారం పెడుతున్నాం, ఆంధ్రాలో 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, పండగలాగా చేశారు, మంచిదే. కానీ ఆ రోజు వచ్చిన తల్లి తర్వాతి నెల మళ్లీ రావాలంటే మధ్యలో ఎవరో ఆమెతో మాట్లాడుతూ ఉండాలి. నేను శుక్రవారం సాయంత్రం అందరికీ ఒకే మెసేజ్ పంపను, ఒక్కొక్కరికి, అక్కా, రేపు మీవాడి నోట్‌బుక్ నీకు చూపిద్దామని పక్కకి పెట్టిన, పదకొండింటికి రా, పది నిమిషాలల్ల పంపిస్త అని పంపుతా. ఆ పది నిమిషాలు అన్న మాట ముఖ్యం, కూలి పోదన్న ధైర్యం వస్తుంది. వచ్చాక నిజంగానే పది నిమిషాల్లో పంపండి, ఉపన్యాసాలు పెట్టి గంట కూర్చోబెడితే ఇంకోసారి రారు.

ప్రైవేట్ స్కూల్ పేరెంట్స్ ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకో మాట, మీ దగ్గర కథ వేరు, రోజూ యాప్‌లో హోంవర్క్ వస్తుంది, పిల్లాడు చేయకపోతే మీరే రాత్రి పదింటికి కూర్చొని చార్టులు గీస్తున్నారు, అది చేయకండి. చేయలేదు అన్న సంగతి టీచర్‌కి తెలియనివ్వండి, ఎక్కడ రావట్లేదో ఆమెకి తెలియాలి.

టీచర్ గారూ, మీరు ఈ సోమవారం ముగ్గురితో మొదలుపెట్టండి. బాగా చదివే పిల్లల ఇళ్లు కాదు, క్లాసులో వెనక కూర్చొని మీరు పేరు కూడా తక్కువసార్లు పిలిచే ముగ్గురు ఉంటారు కదా, వాళ్ల ఇళ్లకి. ఫోన్ చేసే లోపు ఆ ముగ్గురినీ క్లాసులో కాస్త గమనించండి, చెప్పడానికి నిజమైన మంచి మాట ఒకటి దొరకాలి, ఊరికే బాగా చదువుతున్నాడు అంటే తల్లికి తెలిసిపోతుంది అది ఉత్త మాట అని. పక్కవాడికి పెన్సిల్ ఇచ్చాడు, అన్నం గంటప్పుడు చిన్నపిల్లలకి చేతులు కడిగించింది, బోర్డు మీద అక్షరం గుండ్రంగా రాసింది, ఇట్లాంటిది ఏదైనా సరే.